సూరత్ నుంచి గంటన్నర

నాకు రాసే అలవాటు లేదు. సూరత్‌లో కార్పొరేషన్ తెలుగు బడిలో ఐదో తరగతి దాకా చదివి, ఆ తర్వాత మగ్గాల దగ్గర కండెలు చుట్టడానికి పోయాను. ఇప్పుడు సాడీలకు మిగిలిన దారాలు కత్తిరించి మడతలు పెట్టే పని చేస్తున్నాను. తప్పులుంటే దిద్దుకుని చదవండి. జరిగింది మాత్రం జరిగినట్టే రాస్తాను.

నాకు ఒక్కతే చెల్లెలు. హైదరాబాద్‌లో జీడిమెట్ల పక్కన ఉండే ఒక ఆటో డ్రైవర్‌కు ఇచ్చాం. సంబంధం తెచ్చింది నేనే. పిల్లవాడు తాగడు, ఒక్కడే కొడుకు, సొంత ఆటో ఉంది అని మా నాన్నను ఒప్పించింది నేనే. తాగకపోవడం నిజమే. వాడు తాగకుండానే కొట్టేవాడు.

సూరత్ నుంచి హైదరాబాద్ తొమ్మిది వందల కిలోమీటర్ల పైనే ఉంటుంది. మేము ఆ దూరాన్ని కిలోమీటర్లలో చెప్పుకోం. మగ్గాల దగ్గర పాళీ అంటే పన్నెండు గంటలు. రైలుకు పోతే రెండు పాళీలు పోతాయి, టికెట్ దొరకక ఆగితే మూడు పోతాయి. మా దూరం అదీ. ఈ లెక్క మాకంటే మా మరిదికి బాగా తెలుసు. మొదటిసారి చెల్లెలి కన్ను వాచిందని తెలిసి నేను రైలెక్కి పోతే, పోయేసరికి వాపు తగ్గి కంటి కింద పసుపుపచ్చ మరక ఒక్కటే మిగిలింది. చెల్లెలు నాకు చాయ్ ఇచ్చి, బాత్రూంలో జారి పడ్డానని చెప్పింది. రెండోసారి కడుపులో తన్నాడు. అప్పుడు దానికి నాలుగో నెల. నేను సికింద్రాబాద్‌లో దిగేసరికి వాడే ఆటో తీసుకుని స్టేషన్‌కు వచ్చాడు. నా సంచి పట్టుకున్నాడు, బండిలో నిద్ర పట్టిందా వదినె అని అడిగాడు. ఇంటికి పోయేసరికి కడుపు పోయింది, బండలన్నీ కడిగి ఉన్నాయి. కులపెద్దలు కూర్చున్నారు, వాడు తప్పయిందన్నాడు, అందరూ చెల్లెలికి సర్దుకుపొమ్మని చెప్పారు. నేను కూడా చెప్పాను.

ఆ తర్వాత వాడు తనతో అన్న మాట చెల్లెలు చాలా రోజులకు నాకు చెప్పింది. "కొడుత. మీ అక్క బండెక్కి దిగేసరికి వాపు దిగుతది."

ఆ రోజు దీపావళి సెలవులు అయిపోయి మగ్గాలు మళ్లీ నడుస్తున్న వారం. పొద్దున తొమ్మిదింటికి నేను సాడీల కట్ట విప్పుతుంటే ఫోన్ వచ్చింది. చెల్లెలు చాలా మెల్లగా మాట్లాడింది.

"అక్కా, నడుస్తలేను."

పొద్దున చారులో ఉప్పు ఎక్కువైందని మొదలైందట. కింద పడేసి కాలి మడమ మీద బూటుతో ఎక్కి నిలబడ్డాడట. ఎముక చప్పుడు తనకే వినపడిందని చెప్పింది. తర్వాత వాడు ఆటో తీసుకుని పోతూ, మధ్యాహ్నం అన్నానికి వచ్చినప్పుడు పెట్రోలు పోసి అంటిస్తానని చెప్పి పోయాడట. అంతకు ముందు చాలాసార్లు చంపుతానన్నాడు కాని ఎలా చంపుతాడో ఎప్పుడూ చెప్పలేదు. ఈసారి చెప్పాడు. అందుకే భయమైతుందని అంది.

పక్కవాళ్లను పిలవమన్నాను. ఆ వరుసలో అందరూ కంపెనీలకు పోతారు, మధ్యాహ్నం రెండు దాటితే గాని ఎవరూ రారు. పోలీసులకు చెయ్యమన్నాను. వాళ్లొస్తే వాడితోనే మాట్లాడి పోతారు, పోయినాక నన్ను చంపుతాడు అంది. పాకడం కూడా కష్టంగా ఉందంది. వాళ్లది ఒకటే గది. దొంగల భయానికి వాడే ఇనుప రేకు తలుపు పెట్టించాడు, దానికి లోపల లావుపాటి గడియ ఉంది. ఆ గడియ పెట్టుకుని కూర్చో, ఎవరొచ్చినా తియ్యకు, నేను వస్తున్నా అని చెప్పాను. ఎట్లా వస్తానో నాకే తెలియదు.

సూరత్‌లో మేముండే గోడాదరాలో, మా సందు మలుపు దగ్గర మన ఊళ్లకు బస్సు టికెట్లు ఇచ్చే కొట్టు ఉంది. కొట్టు నడిపేది మావైపు మనిషే. ఈరోజే హైదరాబాద్‌లో ఉండాలని చెబితే నా ముఖం చూసి ముందు నీళ్లు తాగమన్నాడు.

"బస్సయితే రేపు పొద్దుగాల దిగుతవ్ అక్కా. ఈయాల్నే అంటే ఇగ గాలిమోటరే. గంటన్నర."

"గంటన్నరనా? నాకు ఉధనా ట్రాఫిక్ల ఇరుక్కుంటనే గంటయితది."

"మీద ట్రాఫిక్ ఉండదక్కా," అన్నాడు.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. మా బస్సులు మా సందు మలుపులోనే ఎక్కించుకుంటాయి, ఊళ్లో మన వాడకట్టు దగ్గరే దింపుతాయి. కొట్టులో పద్దెనిమిది గంటలంటే ఇంటి నుంచి ఇంటికి పద్దెనిమిది గంటలే. ఇరవై ఏళ్లుగా నేను విన్న గంటలన్నీ అట్లాంటి గంటలే. గంటన్నర అనగానే నేను కూడా అట్లాగే అనుకున్నాను. ఇక్కడ ఎక్కితే గంటన్నరకు చెల్లెలి తలుపు ముందు ఉంటానని. అతను అబద్ధం చెప్పలేదు. నేను అడగలేదు.

టికెట్ తీసుకుని మా ఆయన పని చేసే ఖాతాకు, అంటే మగ్గాల షెడ్డుకు పోయాను. మగ్గాల చప్పుడులో చెవిలో అరిచి చెప్పాల్సి వచ్చింది. ఆయన మొత్తం విని మగ్గం ఆపాడు. ఆయన పాళీ మధ్యలో మగ్గం ఆపడం నేను అప్పుడే మొదటిసారి చూశాను. మూలన పడి ఉన్న పాత నాడె ఒకటి తెచ్చి నా సంచిలో చీర కింద పెట్టాడు. నాడె అంటే మగ్గంలో దారాన్ని మోసుకుని అటూ ఇటూ కొట్టుకునే చెక్క. జానెడు పైనే ఉంటుంది, రెండు కొనలకూ ఇనుప మొనలు. మగ్గంలోంచి నాడె ఎగిరి తగిలి ముందు పళ్లు నాలుగూ పోయినవాడు మా సందులోనే ఉన్నాడు.

"కత్తయితే గుంజుకుంటరు," అన్నాడు మా ఆయన. "గిదయితే కట్టె ముక్క అనుకుంటరు. మొఖం మీద కొట్టు. నా పేరు మీద ఒకటి, నీ పేరు మీద ఒకటి."

ఆయనకు పాళీ వదిలి రావడానికి లేదు. వస్తానన్నా నేను ఆగేదాన్ని కాదు.

విమానాశ్రయం ఊరికి ఆ చివర, సముద్రం వైపు ఉంది. ఆటోలో గంట పట్టింది. దారి పొడుగునా సంచి ఒళ్లో పెట్టుకుని గుడ్డలోంచి నాడె మొన తడుముతూనే ఉన్నాను. వాడి ముక్కు మీద కొట్టాలా, పళ్ల మీద కొట్టాలా అని ఆలోచించాను. ముక్కే అనుకున్నాను. ముక్కు పగిలితే కళ్లలో నీళ్లొస్తాయి, అప్పుడు రెండో దెబ్బ ఎక్కడి నుంచి వస్తుందో వాడికి కనపడదు. మాట వరసకు రాయడం లేదు, నిజంగా ఇదే ఆలోచించాను.

లోపల సంచి మిషన్‌లో పెట్టారు. ఖాకీ బట్టల అమ్మాయి పక్కకు పిలిచి సంచి తెరవమంది. చీర తీసింది, నాడె చేతిలోకి తీసుకుంది. ఇదేంటని హిందీలో అడిగింది. మగ్గం ధోటా అని చెప్పాను. ఇక్కడ దాన్ని అట్లాగే అంటారు. ఆమె ఇనుప మొన మీద వేలు పెట్టి చూసింది.

"ఇస్‌సే తో ఆద్మీ మర్ జాయేగా," అంది.

దీంతో మనిషి చస్తాడని. అందుకే తీసుకుపోతున్నానని నోటి దాకా వచ్చింది. సర్దుకుని బట్ట నేసేదని చెప్పాను. ఇవ్వమని కాళ్లు పట్టుకున్నంత పని చేశాను. ఆమె దాన్ని కత్తెరలు, లైటర్లు ఉన్న డబ్బాలో పడేసింది. అడుగున తగిలి ఖంగుమంది.

అప్పుడు నా చేతులు ఖాళీ అయ్యాయి. ఆ కోపమే నన్ను చెడగొట్టింది.

విమానం ఎక్కే వరుసలో నిలబడి ముందు చెల్లెలికి ఫోన్ చేశాను. వాడు ఇంకా రాలేదంది. ఎక్కుతున్నా, గంటన్నరలో వస్తా, నేను తలుపు కొట్టేదాకా తియ్యకు, ఎవరు పిలిచినా పలకకు అని చెప్పాను. "ఫోన్ల టైం చూస్కుంట కూసుంట అక్కా," అంది. దాని గొంతులో కొంచెం ప్రాణం వచ్చినట్టు అనిపించింది.

ఆ తర్వాత వాడికి చేశాను. నాడె పోయింది కదా, కనీసం మాటతోనైనా కొడదామని చేశాను.

"నేను గాలిమోటర్ ఎక్కుతున్నరా. గంటన్నరల నీ ఇంటి ముంగట ఉంట. అది లోపల గడియ పెట్టుకున్నది, నేనొస్తెనే తీస్తది. నీ తాతొచ్చినా తియ్యది. ఏం అంటిస్తవో అంటియ్యి, చూస్త."

 వాడి వెనక ఆటో ఇంజన్ చప్పుడు వినపడింది.

"గంటన్నరనా, వదినె?"

"గంటన్నర."

"మంచిది. రా," అన్నాడు.

భయపడ్డాడనుకున్నాను. నిజం చెప్పాలంటే ఫోన్ కట్ చేసి నవ్వుకున్నాను. ఇన్నేళ్లు దూరం వాడి వైపు ఉంది, ఇప్పుడు నా వైపు వచ్చిందనుకున్నాను. విమానంలో కూర్చోగానే ఫోన్ బంద్ చేయమన్నారు, చేశాను.

విమానం కదలలేదు. చాలాసేపు కిటికీలోంచి అదే సిమెంటు నేల కనపడుతూ ఉంది. గంటన్నరలో ఎంత అయిపోయిందని పక్కన కూర్చున్న పెద్దమనిషిని హిందీలో అడిగాను. ఆయన నవ్వి, ఇంకా ఎగరనే లేదు కదమ్మా, ఎగిరిన తర్వాత లెక్క అన్నాడు. వేళ్ల మీద గంటన్నర మళ్లీ మొదటి నుంచి లెక్కపెట్టాను. అరగంట తర్వాత ఎగిరింది. పైకి లేచేటప్పుడు చెవులు పగిలిపోయేంత నొప్పి. నేను ఆ నొప్పి పట్టించుకోలేదు. కళ్లు మూసుకుని వాడిని కొడుతూనే ఉన్నాను. నాడె లేదు కాబట్టి చేత్తో, చెప్పుతో, వాడి తల పట్టి వాడి ఆటో రేకుకే కొట్టాను. నా పిడికిలి బిగిసి గోళ్లు అరచేతిలో దిగాయి. చాయ్ కావాలా అని అడగడానికి వచ్చిన అమ్మాయి నా చేతి మీద రక్తం చూసి కాగితం రుమాలు ఇచ్చింది.

దిగేసరికి మూడు కావస్తోంది. బయటికి రావడానికి ఎంత నడిచానో. అక్కడ ఒకామెను జీడిమెట్ల ఎటు అని అడిగాను. ఊరికి ఆ కొస, బస్సులో రెండు గంటలైనా పడుతుంది అని చెప్పింది. నాకు అర్థం కాలేదు. మళ్లీ అడిగాను. ఆమె మళ్లీ అదే చెప్పింది.

చెల్లెలికి ఫోన్ చేశాను. రింగయింది, తీయలేదు. ఐదారుసార్లు చేశాను. బస్సులో కూర్చున్న తర్వాత వాడికి చేశాను. మొదటి రింగుకే తీశాడు.

"వచ్చినవా వదినె? గంటన్నర ఎప్పుడో అయిపాయె గదా."

అది ఎక్కడుందని అడిగాను. వాడు తొందరపడకుండా చెప్పాడు. ఆటో దూరంగా ఆపి నడిచి వచ్చి గోడకు కూర్చున్నాడట. గంటన్నర అయ్యేదాకా కూర్చున్నాడట.

"మెల్లగ కొట్టిన తలుపు. ఆడోళ్లు కొట్టినట్టు. మూడుసార్లు. అక్కా అనుకుంటనే తీసింది."

ఫోన్ పెట్టేశాడు.

ఆ బస్సులో నేను ఏం చేశానో సరిగా గుర్తు లేదు. ముందు సీటు ఇనుప కడ్డీకి తల కొట్టుకున్నానని, కండక్టర్ నన్ను పట్టుకుని నీళ్లు చల్లాడని తర్వాత నుదుటి మీద బొప్పి, తడిసిన బట్టలు చూసి తెలుసుకున్నాను. ఒకటి మాత్రం గుర్తుంది. బస్సు ఒక సిగ్నల్ దగ్గర ఆగింది. పచ్చ లైటు పడేదాకా ఎన్ని అంకెలు తగ్గుతాయో చూస్తూ, ఒక్కో అంకెకు వాడు ఒక్కో దెబ్బ కొడుతున్నాడనుకున్నాను. తొమ్మిది వందల కిలోమీటర్లు దాటాను, నలభై కిలోమీటర్లు దాటలేకపోయాను.

బస్సు దిగి ఆటో పట్టుకుని ఆ వరుస ఇళ్ల దగ్గర దిగేసరికి ఐదు దాటింది. జనం ఉన్నారు. రెండింటికి పాళీ అయిపోయి వచ్చిన కంపెనీ ఆడవాళ్లు అరుపులు విని పరిగెత్తుకొచ్చారట. పెట్రోలు సీసా మూత తీస్తుంటే ఒకామె కట్టెల మోపుతో వాడి వీపు మీద కొట్టి సీసా లాక్కుందట. అప్పటికే జాకీ రాడ్‌తో కొట్టడం అయిపోయిందట. చెల్లెలిని ఆసుపత్రికి తీసుకుపోయారు, బతికే ఉంది అని చెప్పారు. బతికే ఉంది అన్న మాట వినపడిన తర్వాతే నాకు మిగతావి కనపడ్డాయి. గడప మీద రక్తం ఎండి నల్లగా అయింది. అందులో వెంట్రుకలు అంటుకుని ఉన్నాయి. పగిలిన ఆకుపచ్చ గాజులు.

వాడు పారిపోలేదు. గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. నాతో ఫోన్‌లో మాట్లాడింది కూడా అక్కడి నుంచేనట. ఎప్పుడో ఫోన్ చేసినా పోలీసులు ఇంకా రాలేదు, వాళ్లు వచ్చేదాకా కదలనివ్వొద్దని ఇద్దరు మగవాళ్లు పక్కన నిలబడ్డారు. మా ఇంటి లొల్లి, మీకేంది అని వాళ్లతో అంటున్నాడు. నన్ను చూసి లేవబోయాడు.

రాడ్ అక్కడే మోరీ పక్కన పడి ఉంది. దాని మీదా వెంట్రుకలున్నాయి. నేను దాన్ని రెండు చేతులతో ఎత్తి వాడి మోకాలి మీద కొట్టాను. ముఖం మీద కొడతానని పొద్దటి నుంచి అనుకున్నాను, తీరా చూస్తే మోకాలే నా చేతికి దగ్గరగా ఉంది. టక్కుమంది. వాడు అమ్మా అని అరిచాడు. ఆ అరుపు నాకు బాగా అనిపించింది. మళ్లీ అదే చోట కొట్టాను. మూడోసారి ఎత్తేసరికి ఆ ఇద్దరు మగవాళ్లు నన్ను పట్టుకున్నారు. నిజానికి వాళ్లు కొంచెం ఆలస్యంగానే పట్టుకున్నారు. చేతులు పట్టుకుంటే వంగి వాడి చెవి కొరికాను. నోట్లో ఉప్పగా అయింది. కట్టెల మోపు ఆమె నన్ను వెనక్కి లాగి, ఇగ సాలు బిడ్డా, నీ చెల్లె కాడికి పో అంది.

ఆసుపత్రిలో చెల్లెలి తల గుండు చేసి కుట్లు వేశారు. ఎడమ చెయ్యి మోచేతి దగ్గరా మణికట్టు దగ్గరా విరిగింది. కాలికి కట్టు. ముఖం దానిది కాదు. కుడి చెయ్యి ఒక్కటే బాగుంది. అది కళ్లు తెరిచి నన్ను చూసి ఏడవలేదు. పైకప్పు వైపు చూస్తూ ఒకటే అడిగింది.

"నువ్వొచ్చే టైం వానికెట్ల ఎర్కయింది అక్కా?"

నేను అబద్ధం చెప్పొచ్చు. మా ఆయన చెప్పాడనొచ్చు, వాడే ఊహించి ఉంటాడనొచ్చు. దానికి ఎప్పటికీ తెలిసేది కాదు. సంబంధం తెచ్చిందీ నేనే, సర్దుకుపొమ్మన్నదీ నేనే, ఇది కూడా నేనే అంటే అది నన్ను ఇంక అక్కా అని పిలుస్తుందో లేదో. నాకు పుట్టింటి వైపు మా అమ్మానాన్నల తర్వాత మిగిలింది అదొక్కతే. మంచం ఇనుప కడ్డీ పట్టుకుని నిలబడ్డాను.

"నేనే చెప్పిన. వరుసల నిలబడి ఫోన్ చేసి చెప్పిన. వాడు భయపడుతడనుకున్న."

"తలుపు నువ్వొస్తెనే తీస్తనని గూడ చెప్పినవా?"

"చెప్పిన."

పక్కన చిన్న బల్ల మీద స్టీలు చెంబు ఉంది. నీళ్లతో నిండుగా ఉంది. అది మంచి చేత్తో దాన్ని అందుకుని నా ముఖం మీదికి విసిరింది. ఒంట్లో అంత బలం ఎక్కడ మిగిలిందో. కనుబొమ్మ పైన తగిలి తెగింది. నీళ్లూ రక్తం కలిసి కంట్లోకి వచ్చాయి. నేను తుడుచుకోలేదు. పక్క మంచాల వాళ్లు లేచి కూర్చున్నారు. అది వెక్కి వెక్కి ఏడుస్తూ, ఆ చేత్తోనే నా కొంగు పట్టుకుని దగ్గరికి గుంజి, మళ్లీ కొట్టింది. ఈసారి చెంప మీద. కొంగు మాత్రం వదలలేదు.

అట్లా ఉండగానే ఒక పోలీసాయన కాగితాలు పట్టుకుని వచ్చాడు. మా మరిది మోకాలి చిప్ప పగిలిందని, ఆ సంగతి వేరే మాట్లాడాలని నాతో అన్నాడు. సరే అన్నాను. తర్వాత చెల్లెలిని అడగడం మొదలుపెట్టాడు. ఎవరు కొట్టారు, దేనితో కొట్టారు, ఎన్ని దెబ్బలు, ఇంతకు ముందు ఎప్పుడైనా కొట్టాడా. చెల్లెలు ఒక్కటి కూడా మింగకుండా చెప్పింది. కన్ను వాచింది చెప్పింది, నాలుగో నెల సంగతి చెప్పింది, ఏ రోజు ఏ వస్తువుతో కొట్టాడో చెప్పింది. నాకు తెలియనివే ఎక్కువ ఉన్నాయి. అతను పేజీ తిప్పి రాయాల్సి వచ్చింది.

చివర్లో నా వైపు చూశాడు. కనుబొమ్మ నుంచి రక్తం ఇంకా కారుతూనే ఉంది.

"అదేంది? అది గూడ వాడేనా?" అని చెల్లెలిని అడిగాడు.

"కాదు. అది నేను కొట్టిన," అంది చెల్లెలు. "అది గూడ రాస్కో సారూ."

అతను పెన్ను పట్టుకుని మా ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. రాసుకున్నాడో లేదో నాకు తెలియదు. చెల్లెలు నా కొంగు అంచు తీసుకుని నా కనుబొమ్మ మీద గట్టిగా అదిమి పట్టుకుంది. నొప్పి పుట్టేంత గట్టిగా.